తేదీల లైబ్రరీ ఏది తీసుకోవాలి? ఓపెన్ సోర్స్ ప్యాకేజీలను పోల్చి ఎంచుకునే పద్ధతి

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో తేదీలతో పని పడగానే నాలుగు పేర్లు ముందుకొస్తాయి: మొమెంట్, డే జేఎస్, డేట్-ఎఫ్ఎన్ఎస్, లక్సన్. నాలుగూ ఉచితం. నాలుగింటిదీ ఎంఐటీ లైసెన్సే, అంటే దాదాపు ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చేది. నాలుగింటికీ బోలెడంత మంది వాడుకరులున్నారు. అందుకే చాలా టీముల్లో ఈ ఎంపిక మీద చర్చే జరగదు. ఒకరు పాత ప్రాజెక్టులో వాడింది తెస్తారు, ఇంకొకరు గిట్‌హబ్‌లో స్టార్లు చూస్తారు, ఈమధ్య అయితే ఏఐ అసిస్టెంట్ ఏది రాసిస్తే అదే లోపలికి వస్తోంది. అలా వచ్చిన ప్యాకేజీ ఏళ్ల తరబడి కోడ్‌లో పాతుకుపోతుంది.

ఈ ఎంపికకు కనీసం ఒక గంట కేటాయించమని నా సలహా. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఈరోజున్న కోడ్‌ను తీసుకోవడంతో పాటు, రేపు దాన్ని అప్‌డేట్ చేయబోయే మనిషికి మన లాప్‌టాప్‌లో, మన సర్వర్‌లో కోడ్ నడిపే అనుమతి కూడా ఇచ్చేస్తున్నాం. ఆ మనిషి ఎవరు? ఆ అనుమతి ఇంకొకరి చేతికి పోవడం ఎంత తేలిక? పోతే మనం ఎంత త్వరగా బయటపడగలం? నేను ప్యాకేజీలను పోల్చేది ముందు ఈ మూడు ప్రశ్నలతోనే. ఫీచర్ల సంగతి ఆ తర్వాత. ఇక్కడ తేదీల లైబ్రరీలనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పైథాన్‌లోనో జావాలోనో పనిచేసేవాళ్లు పేర్లు మార్చుకుంటే చాలు, చూడాల్సినవి ఇవే.

ఐదో అభ్యర్థి: ప్యాకేజీయే లేకుండా

పోలిక మొదలుపెట్టే ముందు జాబితాలో ఇంకో పేరు చేర్చాలి. అది "ఏదీ వద్దు" అన్నది. మార్చి 2016లో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దించుకునే చోటు) నుంచి తీసేశాడు. ఒక పదానికి ఎడమ పక్కన ఖాళీలు చేర్చడం తప్ప అది చేసే పనేమీ లేదు. అయినా బేబెల్ లాంటి పెద్ద టూళ్లతో సహా వేలాది ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఎందుకంటే అది నేరుగా కాకుండా, డిపెండెన్సీకి (మన కోడ్ ఆధారపడే ప్యాకేజీకి) డిపెండెన్సీగా ఎక్కడో లోపల కూర్చుని ఉంది. తర్వాత 2017లో అదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ ఫంక్షన్ జావాస్క్రిప్ట్‌లోకే వచ్చింది.

తేదీల విషయంలోనూ భాష చాలావరకు ముందుకొచ్చింది. తేదీని చక్కగా చూపించడమే మీ పని అయితే బ్రౌజర్‌లోనూ, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లోనూ ముందే ఉన్న ఇంట్‌ల్ (Intl) అనే ఏర్పాటు సరిపోతుంది. లొకేల్‌గా (భాష, ప్రాంతం) తెలుగు-ఇండియా ఇస్తే నెలల పేర్లు, వారాల పేర్లు తెలుగులోనే వస్తాయి. టైమ్‌జోన్‌గా ఆసియా/కోల్‌కతా ఇస్తే మన సమయమే చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: నోడ్ 13 కంటే పాత వెర్షన్లలో ఇంగ్లిష్ తప్ప మిగతా భాషల డేటా మామూలుగా ఉండేది కాదు. ఇంకా అలాంటి పాత సర్వర్ నడుపుతున్నవాళ్లకు తేదీల లైబ్రరీ కంటే ముందు తేల్చుకోవాల్సిన సమస్య ఆ నోడ్ వెర్షనే.

ఒక రిపోర్టులో తేదీ చూపించడానికి మాత్రమే లైబ్రరీని తెచ్చిన ప్రాజెక్టులు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ వాటికి ఈ ఐదో అభ్యర్థే సరైన జవాబు. నెలలు కూడటం, తేడాలు లెక్కకట్టడం, వేరే దేశాల టైమ్‌జోన్లలో పని, వాడుకరి టైప్ చేసిన తేదీని చదవడం లాంటివి ఉంటే అప్పుడు లైబ్రరీ అవసరం నిజమైనదే.

డౌన్‌లోడ్లు, స్టార్లు

"అంతమంది వాడుతున్నారు కదా" అన్న మాట మీద నమ్మకం పెట్టుకోవడం సహజం. ఆ సంఖ్యకు కొంత విలువ ఉంది కూడా: ఎక్కువ మంది వాడితే బగ్గులు త్వరగా బయటపడతాయి, జవాబులు తేలికగా దొరుకుతాయి. కానీ భద్రత గురించి అది చెప్పేది చాలా తక్కువ.

మొమెంట్‌నే చూడండి. ఇది ఇక మెయింటెనెన్స్ దశలోనే ఉంటుందని, కొత్త ప్రాజెక్టులకు వేరేవి చూసుకోమని దాన్ని నడిపేవాళ్లే సెప్టెంబర్ 2020లో ప్రకటించారు. ఇప్పటికీ వారానికి కోట్లలో డౌన్‌లోడ్లు ఉన్నాయి. అందులో పెద్ద భాగం పాత ప్రాజెక్టుల బిల్డ్ సర్వర్లు మళ్లీ మళ్లీ దించుకునేదే. ఆ సంఖ్యను చూసి ఎవరో ఈరోజు దాన్నే ఎంచుకున్నారని అనుకోవడం పొరపాటు.

పేరున్న ప్యాకేజీల మీదే దాడులు ఎక్కువ జరుగుతాయన్నది ఇంకో సంగతి. 8 సెప్టెంబర్ 2025న చాక్, డీబగ్ సహా 18 ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ వచ్చింది. అన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్నవి. వాటి మెయింటెయినర్‌కు (ప్యాకేజీని చూసుకునే వ్యక్తికి) ఎన్‌పీఎం పంపినట్టే కనిపించే ఒక మెయిల్ వచ్చింది, రెండంచెల లాగిన్ వివరాలు అప్‌డేట్ చేసుకోమని. ఆయన నమ్మి వివరాలిచ్చారు. ఆ ఖాతాతో దొంగలు కొత్త వెర్షన్లు వదిలారు. బ్రౌజర్‌లో క్రిప్టో లావాదేవీల చిరునామాలను మార్చేయడం ఆ కోడ్ పని. రెండు గంటల్లోపే కనిపెట్టి తీసేయడం మొదలైంది గనక నష్టం తక్కువ. ఆ రెండు గంటల్లో బిల్డ్ నడిపిన టీముల టెన్షన్ మాత్రం తక్కువది కాదు.

కాబట్టి డౌన్‌లోడ్లను నేను ఒకే పనికి వాడతాను: పేరు సరిగ్గా టైప్ చేశానా లేదా అని చూసుకోవడానికి. 2017లో క్రాస్-ఎన్వ్ అనే ప్రసిద్ధ ప్యాకేజీ పేరులోంచి అడ్డగీత తీసేసి, అదే పేరుతో ఎవరో నకిలీ ప్యాకేజీ పెట్టారు. అది ఇన్‌స్టాల్ చేసినవాళ్ల ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని దొంగిలించింది. ఏఐ అసిస్టెంట్లు అసలు ఉనికిలోనే లేని ప్యాకేజీల పేర్లను కూడా ధీమాగా రాసిస్తున్నాయి, అలాంటి పేర్లను ముందుగానే రిజిస్టర్ చేసి పెట్టుకునే అవకాశం దొంగలకు ఉంది. కోట్లలో ఉండాల్సిన డౌన్‌లోడ్లు వందల్లో కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

పబ్లిష్ చేసే తాళం ఎవరి దగ్గర ఉంది

నా దృష్టిలో అసలైన పరీక్ష ఇది. ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి.

ఏ ప్యాకేజీ అయినా సరే, కంట్రిబ్యూటర్ల జాబితాలో వందల పేర్లు కనిపిస్తాయి. కమిట్ల చరిత్ర తెరిచి చూస్తే అసలు భారం ఒకరిద్దరి మీదే ఉంటుంది. తేదీల లైబ్రరీలు దీనికి మినహాయింపు కాదు. ఒకరిద్దరే ఉండటం తప్పు కాదు, మంచి ప్యాకేజీలు చాలావరకు అలాగే పుట్టాయి. వాళ్లు అలసిపోయినప్పుడు ఏం జరుగుతుందన్నదే మనం ఆలోచించాల్సింది.

2018లో ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీ రచయిత దాన్ని చూసుకునే ఓపిక లేక, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించాడు. కొత్త మనిషి ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే ఇంకో డిపెండెన్సీని చేర్చాడు. కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి డబ్బు దొంగిలించే కోడ్ అందులో ఉంది. 2024లో, లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ కథ ఇంతకంటే లోతైనది. జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా మంచి ప్యాచ్‌లు పంపి, మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, రిలీజ్ చేసే హక్కు తెచ్చుకున్నారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) పెట్టారు. తన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్ గమనించి తవ్వడంతో, 29 మార్చి 2024న అది లోకానికి తెలిసింది.

ఎక్స్‌జెడ్ ఉదంతంలో ఒక వివరం ప్యాకేజీ ఎంపికకు నేరుగా పనికొస్తుంది. దాడిని మొదలుపెట్టే కీలకమైన ముక్క గిట్ రిపోలో (అందరూ చదవగలిగే సోర్స్ కోడ్ ఉండే చోట) లేదు, రిలీజ్ చేసిన టార్ ఫైల్లో మాత్రమే ఉంది. అంటే రిపోను ఎంత శ్రద్ధగా చదివినా అది కనిపించదు. మనం గిట్‌హబ్‌లో చదివే కోడూ, ఎన్‌పీఎం నుంచి దిగే కోడూ ఒకటే అన్న హామీ దానంతట అది రాదు. ఆ హామీ కోసమే ప్రోవెనన్స్ అనే ఏర్పాటు వచ్చింది: ఈ వెర్షన్ ఫలానా రిపోలోని ఫలానా కమిట్ నుంచి, ఫలానా బిల్డ్ సర్వర్‌లో తయారైందని సంతకంతో చూపిస్తుంది. ఎన్‌పీఎం పేజీలో వెర్షన్ దగ్గర అది ఉంటే కనిపిస్తుంది. మిగతా అన్నీ సమానంగా ఉన్న రెండు ప్యాకేజీల్లో ప్రోవెనన్స్ ఉన్నదానికే నా ఓటు. అది లేకపోతే ప్యాకేజీని దించుకుని, లోపలి ఫైళ్లను అదే వెర్షన్ ట్యాగ్‌తో పోల్చి చూడటం కష్టమైన పనేమీ కాదు. కనీసం ఇన్‌స్టాల్ స్క్రిప్టులు (ఇన్‌స్టాల్ చేయగానే తమంతట తామే నడిచే ఆదేశాలు) ఏమైనా ఉన్నాయా అన్నది చూడాలి. తేదీల లైబ్రరీకి ఇన్‌స్టాల్ సమయంలో ఏ స్క్రిప్టూ నడపాల్సిన అవసరం లేదు.

ఈ కోణంలో నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక మంచి సంగతి కనిపిస్తుంది. మొమెంట్, డే జేఎస్, లక్సన్, ఇప్పటి డేట్-ఎఫ్ఎన్ఎస్, ఏదీ వేరే ప్యాకేజీని లోపలికి లాక్కురాదు. అంటే ప్రతిదానికీ నమ్మాల్సిన బృందం ఒక్కటే. డేట్-ఎఫ్ఎన్ఎస్ రెండో వెర్షన్ చివర్లో బేబెల్ రన్‌టైమ్ ఒకటి తోడుగా వచ్చేది, మూడో వెర్షన్ నుంచి అదీ పోయింది. మీరు పోలుస్తున్న ప్యాకేజీల్లో ఒకటి ముప్పై డిపెండెన్సీలు తెస్తుంటే, ఆ ముప్పై తాళాలూ ఎవరెవరి దగ్గర ఉన్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బృందాల తీరులో మాత్రం తేడా ఉంది. లక్సన్ మొమెంట్ గూటి నుంచే వచ్చింది, మొమెంట్ మెయింటెయినర్లలో ఒకరు మొదలుపెట్టిందే. రిలీజులు నెమ్మదిగా వస్తాయి, ఒక పద్ధతిగా వస్తాయి. డేట్-ఎఫ్ఎన్ఎస్ పెద్ద మార్పుల్ని పెద్ద వెర్షన్లుగా వదులుతుంది, మూడోది డిసెంబర్ 2023లో, నాలుగోది సెప్టెంబర్ 2024లో. డే జేఎస్ దగ్గర తెరిచి ఉన్న ఇష్యూలు వందల కొద్దీ పేరుకుపోయాయి, వాటిలో టైమ్‌జోన్ మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. తెరిచి ఉన్న ఇష్యూల సంఖ్య ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పను. మీకు అవసరమైన ఫీచర్ మీద ఎన్ని ఉన్నాయి, వాటికి మెయింటెయినర్ల నుంచి జవాబు వచ్చిందా అన్నది చదువుతాను.

పాత లోపాల చరిత్రను ఎలా చదవాలి

ఒక ప్యాకేజీ పేరు మీద సీవీఈలు (నంబరు ఇచ్చి ప్రకటించిన భద్రతా లోపాలు) కనిపిస్తే చాలామంది భయపడి పక్కన పెడతారు. నేను లోపం కంటే ఎక్కువగా దాన్ని సరిచేసిన తీరు చూస్తాను.

మొమెంట్ మీద 2022లో రెండు వచ్చాయి. మొదటిది సీవీఈ-2022-24785. వాడుకరి ఇచ్చిన లొకేల్ పేరును సర్వర్‌లో అలాగే వాడేస్తే దాన్ని ఫైల్ దారిగా మార్చి మోసం చేయొచ్చు. 2.29.2లో సరిచేశారు. రెండోది సీవీఈ-2022-31129. మెయిళ్లలో వాడే తేదీ ఫార్మాట్‌ని చదివే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు (అక్షరాల నమూనాను వెతికే సూత్రానికి) చాలా పొడవైన అక్షరాల వరస ఇస్తే సర్వర్ కదలకుండా కూర్చుంటుంది. 2.29.4లో సరిచేశారు. రెండూ మెయింటెనెన్స్ దశ ప్రకటించిన దాదాపు రెండేళ్లకు వచ్చినవే, అయినా బృందం ప్యాచ్ ఇచ్చింది. "కొత్త ఫీచర్లు రావు, కానీ భద్రతా లోపాలు చూసుకుంటాం" అన్నమాట నిలబెట్టుకుంది. చెప్పకుండా మాయమైపోయిన ప్యాకేజీకీ, చెప్పి మరీ ఆగిన ప్యాకేజీకీ ఉన్న తేడా ఇదే.

ఆ రెండో లోపమే లక్సన్‌లోనూ ఉంది. సీవీఈ-2023-22467గా జనవరి 2023లో బయటికొచ్చింది. అంటే మొమెంట్‌లో సరిచేసిన సుమారు ఆరు నెలలకు. లక్సన్ మూడు వెర్షన్ వరసల్లోనూ ప్యాచ్ ఇచ్చింది: 1.28.1, 2.5.2, 3.2.1. ఒకే గూటి ప్యాకేజీలో అదే లోపాన్ని ముందే వెతికి ఉండాల్సిందన్నది నా అభిప్రాయం. కానీ పాత వెర్షన్లలో ఉండిపోయినవాళ్లను వదిలేయకుండా ఒకటో వరసకూ ప్యాచ్ ఇవ్వడం ఎక్కువ మార్కులు వేయాల్సిన పని. అందరూ అలా చేయరు.

సీవీఈలు సున్నా ఉన్న ప్యాకేజీ అన్నింటికంటే భద్రమైనదని అనుకోకూడదు. ఎవరూ పట్టించుకుని చూడకపోయినా సున్నానే ఉంటుంది. ఓఎస్‌వీ అనే లోపాల డేటాబేస్‌లో గానీ గిట్‌హబ్ అడ్వైజరీల్లో (భద్రతా హెచ్చరికల్లో) గానీ వెతికి, ప్రతి లోపానికి మూడు విషయాలు చూడండి: తెలిసిన ఎన్నాళ్లకు ప్యాచ్ వచ్చింది, అడ్వైజరీ అర్థమయ్యేలా రాశారా, ఆ లోపం ఉన్న ఫంక్షన్‌ను మీరు అసలు వాడతారా. మీ యాప్ మెయిల్ తేదీలను చదవకపోతే పైన చెప్పిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లోపం మీదాకా రాదు. ఎన్‌పీఎం ఆడిట్ (తెలిసిన లోపాలను వెతికే ఆదేశం) ఎర్రగా చూపించిందని కంగారుపడే ముందు ఇది చూసుకుంటే సగం అలజడి తగ్గుతుంది.

స్కోర్‌కార్డ్ మార్కులు

ఓపెన్ సోర్స్ భద్రత మీద పనిచేసే ఓపెన్ఎస్ఎస్ఎఫ్ వాళ్ల స్కోర్‌కార్డ్ అనే టూల్ ప్రాజెక్టుకు సున్నా నుంచి 10 దాకా మార్కులిస్తుంది. కోడ్ రివ్యూ జరుగుతోందా, మెయిన్ బ్రాంచ్‌కి రక్షణ ఉందా, బిల్డ్ వర్క్‌ఫ్లోల్లో ప్రమాదకరమైన సెట్టింగులున్నాయా, భద్రతా లోపం చెప్పడానికి దారి చూపించారా లాంటివి అది తనంతట తాను చూస్తుంది. గూగుల్ వాళ్ల డెప్స్ డాట్ డెవ్‌లో ప్యాకేజీ పేరు కొడితే ఈ మార్కులు, లైసెన్సు, డిపెండెన్సీల చెట్టు ఒకేచోట కనిపిస్తాయి. ఉపయోగకరమైనది, వాడండి.

కానీ మొత్తం మార్కును పోల్చవద్దు, విడివిడి అంశాలను చదవండి. ఉదాహరణకు అందులో "మెయింటెయిన్డ్" అనే అంశం గత 90 రోజుల కదలికను చూస్తుంది. పని పూర్తయి నెమ్మదించిన మంచి ప్యాకేజీకి ఇక్కడ మార్కులు తగ్గుతాయి. రోజుకో అనవసరపు కమిట్ చేసేదానికి పెరుగుతాయి. కోడ్ రివ్యూ, వర్క్‌ఫ్లో అనుమతులు, ఈ రెండింటికీ నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఒక్క ఖాతా దొంగల చేతికి పోతే ఎంతదూరం వెళ్తుందో అవే తేలుస్తాయి.

నాణ్యత: మీ పనితో పరీక్షించండి

డాక్యుమెంటేషన్ బాగుందా, టెస్టులున్నాయా అని పైపైన చూసి వదిలేయడం కంటే, మీ వ్యాపారానికి తగిలే నాలుగైదు గట్టి తేదీలను రాసుకుని ప్రతి లైబ్రరీతోనూ నడిపి చూడటం మేలు. ఒక పూట చాలు. నేనైతే వీటిని వాడతాను.

మొదటిది ఈఎంఐ తేదీ. 31 జనవరికి ఒక నెల కలిపితే ఏమొస్తుంది? జావాస్క్రిప్ట్ సొంత డేట్‌తో నెల సంఖ్య పెంచితే మామూలు సంవత్సరంలో 3 మార్చి వస్తుంది, ఫిబ్రవరి వాయిదా ఎగిరిపోతుంది. నాలుగు లైబ్రరీలూ 28 ఫిబ్రవరికే ఆపుతాయి, మంచిదే. కానీ అక్కడి నుంచి ఇంకో నెల కలిపితే 28 మార్చి వస్తుంది. మొదటి తేదీకే రెండు నెలలు కలిపితే 31 మార్చి. లైబ్రరీ ఏదైనా, వాయిదాల్ని ఎప్పుడూ మొదటి తేదీ నుంచే లెక్కకట్టాలి.

రెండోది అమెరికా గడియారం. హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలకు పెట్టిన మీటింగ్ 7 మార్చి 2025న న్యూయార్క్‌లో ఉదయం 10:30. మూడు రోజుల తర్వాత, 10 మార్చిన, అదే మీటింగ్ అక్కడ 11:30. మధ్యలో 9 మార్చిన వాళ్ల గడియారాలు గంట ముందుకు జరిగాయి. ఆ రోజు న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2:30 అనే సమయమే లేదు. ఆ లేని సమయాన్ని ఇస్తే లైబ్రరీ ఏం చేస్తుంది, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో రాసి ఉందా? మన దేశంలో గడియారాలు మార్చే అలవాటు లేదు గనక ఈ బగ్గులు మన టెస్టింగ్‌లో కనిపించవు, అక్కడి క్లయింటు దగ్గరే పేలతాయి. ఈ పరీక్షలో లక్సన్ మిగతావాటికంటే స్పష్టంగా ముందుంటుంది. టైమ్‌జోన్ దాని లోపలి నిర్మాణంలోనే ఉంది, ఇలాంటి సందర్భాల గురించి డాక్యుమెంటేషన్ విడిగా వివరిస్తుంది. డేట్-ఎఫ్ఎన్ఎస్‌కు ఇది నాలుగో వెర్షన్‌తో వచ్చింది, దానికి తోడు ప్యాకేజీ ఒకటి కలుపుకోవాలి. డే జేఎస్‌లో అయితే విడిగా కలిపే ప్లగిన్ కావాలి.

మూడోది వాడుకరి టైప్ చేసిన తేదీ. 05/06/2025 అంటే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. ఇక్కడ డే జేఎస్‌లో ఒక పెద్ద గుంట ఉంది. ఫార్మాట్ ఇచ్చి చదవమంటే, దానికోసం ఉన్న ప్లగిన్ కలపకపోతే ఆ ఫార్మాట్‌ని పట్టించుకోకుండా తనకు తోచినట్టు చదివేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. పుట్టినరోజులు, పాలసీ తేదీలు తప్పుగా డేటాబేస్‌లోకి పోయాక గానీ తెలియదు. తప్పు జరిగినప్పుడు మౌనంగా ఉండే లైబ్రరీ కంటే గట్టిగా అరిచే లైబ్రరీనే నేను నమ్ముతాను. డేట్-ఎఫ్ఎన్ఎస్‌లో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది: సంవత్సరానికి పెద్ద వై అక్షరాలు నాలుగు వాడితే దాని లెక్కలో అది "వారాల సంవత్సరం", డిసెంబర్ చివరి రోజుల్లో మరుసటి ఏడాదిని చూపించేస్తుంది. మొమెంట్ నుంచి వచ్చేవాళ్లు ఈ పొరపాటు తప్పక చేస్తారని తెలిసి, కావాలని ఆప్షన్ ఇస్తే తప్ప అది ఎర్రర్ చూపిస్తుంది.

నాలుగోది విలువలు మారిపోవడం. మొమెంట్‌లో మొదలు తేదీకి ఒక నెల కలిపి ఆ ఫలితాన్ని వేరే పేరులో పెట్టుకుంటే, మొదలు తేదీ కూడా మారిపోతుంది. మిగతా మూడింటిలో ఈ బాధ లేదు. కొత్త ప్రాజెక్టుకు మొమెంట్ వద్దనడానికి నాకు ఇదొక్కటే చాలు.

లైసెన్సు సంగతి ఈ నాలుగింటిలో తేలిక, అంతా ఎంఐటీయే. మీరు పోల్చేవి డేటాబేస్ లాంటి పెద్ద సరుకు అయితే మాత్రం, కాపీరైట్ ఒకే కంపెనీ చేతిలో ఉందా, ఫౌండేషన్ దగ్గర ఉందా అన్నది చూడాలి. రెడిస్ డేటాబేస్ మార్చి 2024లో లైసెన్సు మార్చేసింది, వాల్కీ అనే ఫోర్క్ (పాత కోడ్ నుంచి విడిపోయిన ప్రాజెక్టు) లైనక్స్ ఫౌండేషన్ కింద పుట్టింది. సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ ఆగస్టు 2023లో మార్చుకుంటే ఓపెన్‌టోఫు వచ్చింది.

నా ఎంపిక

తేదీలు చూపించడమే పని అయితే ఇంట్‌ల్, ఏ ప్యాకేజీ వద్దు.

వేరే దేశాల టైమ్‌జోన్లతో పనిచేసే సర్వర్‌కు లక్సన్. అమెరికా, యూరప్ క్లయింట్లకు షెడ్యూలింగ్, బిల్లింగ్ చేసే టీములకు నేను ఇంకో ఆలోచన లేకుండా ఇదే చెబుతాను. ఇది బ్రౌజర్‌లో, నోడ్‌లో ముందే ఉన్న టైమ్‌జోన్, భాషల డేటానే వాడుకుంటుంది గనక తెలుగుకు వేరే లొకేల్ ఫైల్ కూడా అక్కర్లేదు.

బ్రౌజర్‌లో నడిచే యాప్‌కు, లెక్కలు ఎక్కువ, టైమ్‌జోన్లు తక్కువ అయితే డేట్-ఎఫ్ఎన్ఎస్. వాడిన ఫంక్షన్లే బిల్డ్‌లోకి వస్తాయి, తెలుగు లొకేల్ ఉంది. మూడో వెర్షన్ కంటే పాతది కొత్తగా తీసుకోవద్దు.

డే జేఎస్ చాలా చిన్నది, మొమెంట్ తెలిసినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు. పాత మొమెంట్ కోడ్‌ను తక్కువ మార్పులతో తేలికచేయడానికి పనికొస్తుంది. డబ్బు లెక్కలున్నచోట, టైమ్‌జోన్లున్నచోట మాత్రం నేను వాడను. ప్లగిన్ మరిచిపోతే మౌనంగా తప్పు చేసే గుణం నాకు పెద్ద అభ్యంతరం.

మొమెంట్ ఉన్న పాత యాప్ బాగానే నడుస్తుంటే భయపడి ఒక్కసారిగా తీసేయకండి. 2.29.4 లేదా ఆపై వెర్షన్‌లో ఉందో లేదో చూసుకుని, వేరే పని మీద ముట్టుకున్న ఫైల్లోనే ఒక్కొక్కటిగా మార్చండి. హడావిడి మార్పులో పుట్టే తేదీ బగ్గులు మొమెంట్‌లో మిగిలున్న ప్రమాదం కంటే పెద్దవి.

టెంపొరల్ కూడా దారిలో ఉంది. తేదీల కోసం జావాస్క్రిప్ట్‌లోకే వస్తున్న కొత్త ఏర్పాటు ఇది. మే 2025లో ఫైర్‌ఫాక్స్ 139తో మామూలు వాడుకరుల చేతికి వచ్చింది. మీ వాడుకరుల బ్రౌజర్లన్నింటిలో ఉందో లేదో చూసుకునే దాకా దాని మీద ప్రొడక్షన్ కోడ్ రాయకపోవడమే మంచిది. నేర్చుకోవడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఎంచుకున్నాక

లాక్‌ఫైల్‌ను (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైల్‌ను) రిపోలో పెట్టండి, బిల్డ్ సర్వర్ దాని ప్రకారమే ఇన్‌స్టాల్ చేయాలి. కొత్త వెర్షన్ వచ్చిన వెంటనే తీసుకోకుండా కొన్ని రోజులు ఆగండి. చాక్, డీబగ్ లాంటి దాడులు గంటల్లోనే బయటపడ్డాయి గనక ఈ ఒక్క అలవాటే చాలా కాపాడుతుంది. ఎన్‌పీఎం టూల్‌కు బదులు వాడే పీఎన్‌పీఎంలో ఇందుకు సెట్టింగే ఉంది, పదో వెర్షన్ నుంచి డిపెండెన్సీల ఇన్‌స్టాల్ స్క్రిప్టుల్ని కూడా అది తనంతట తాను ఆపేస్తుంది. భద్రతా ప్యాచ్ అయితే మాత్రం ఆగకుండా, అడ్వైజరీ చదివి తీసుకోవాలి.

బ్యాంకులకు, బ్రోకరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు డిపెండెన్సీల పూర్తి జాబితాను, అంటే ఎస్‌బీఓఎంను, ప్రతి రిలీజ్‌కూ తయారు చేసే ఏర్పాటు ఇప్పుడే పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ అక్టోబర్ 2024లో దీనిమీద సాంకేతిక మార్గదర్శకాలిచ్చింది. ఆగస్టు 2024 నాటి సెబీ సైబర్ భద్రతా నిబంధనల్లోనూ ఇది ఉంది. క్లయింటు అడిగిన రోజు వెతుక్కోవడం చాలా కష్టం.

చివరిగా, లైబ్రరీని కోడ్‌లో వందచోట్ల నేరుగా పిలవకండి. తేదీల పనులన్నీ ఒకే సొంత ఫైల్లో పెట్టి, మిగతా కోడ్ అంతా దాన్నే పిలిచేలా రాయండి. ఎందుకు ఈ ప్యాకేజీ, ఏవి వద్దనుకున్నాం, ఏ పరీక్షలు నడిపాం అన్నది ఆ ఫైల్ పైనే పది లైన్లలో రాసి, పైన చెప్పిన గట్టి తేదీలను టెస్టులుగా దాని పక్కనే ఉంచండి. ప్యాకేజీ దొంగల చేతికి పోయినా, మెయింటెయినర్ ఆపేసినా, టెంపొరల్ అన్ని బ్రౌజర్లలోకి వచ్చినా, మార్చాల్సింది ఆ ఒక్క ఫైలే అవుతుంది.